డల్లెస్‌లో దిగి వాషింగ్టన్ చూడాలంటే: ఏ దారి, ఏ రోజు, ఏ టికెట్టు

అమెరికా రాజధాని చూడ్డానికి వచ్చే తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది ఉండేది వాషింగ్టన్‌లో కాదు. పొటోమాక్ నదికి ఇవతల వర్జీనియాలో, ఆష్‌బర్న్, హెర్న్‌డన్, రెస్టన్, చాంటిలీ లాంటి ఊళ్ళలో, కొడుకు ఇంట్లోనో కూతురు ఇంట్లోనో ఉంటారు. పొద్దున్నే బయల్దేరి 20 నుంచి 35 మైళ్ళు వెళ్ళి, ఊరు చూసుకుని, రాత్రికి ఇల్లు చేరాలి. ఊరి మధ్యలో హోటల్ తీసుకునేవాళ్ళ కోసం రాసిన సలహాలు వీళ్ళకి సగమే పనికొస్తాయి. మెట్రోనా, కారా అన్న ప్రశ్నకి వీళ్ళ విషయంలో జవాబు ఎంతమంది వెళ్తున్నారు, వారంలో ఏ రోజు వెళ్తున్నారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. అయితే దానికంటే ముందు తేల్చుకోవాల్సింది విమానం టికెట్టు.

ఏ మార్గంలో రావాలి

ఢిల్లీ నుంచి వాషింగ్టన్‌కి ఎయిర్ ఇండియా నడిపిన నేరు విమానం 2025 సెప్టెంబరు 1 నుంచి ఆగిపోయింది. కాబట్టి హైదరాబాదు నుంచైనా, విజయవాడ, విశాఖల నుంచైనా ఎక్కడో ఒకచోట మారక తప్పదు. ఎక్కడ మారతారన్నదాన్ని బట్టే ఇమిగ్రేషన్ ఎక్కడ జరుగుతుందో తేలుతుంది. పెద్దవాళ్ళకి ప్రయాణంలో కష్టమైన ఘట్టం అదే.

మొదటి దారి దుబాయి, దోహా, లేదా ఐరోపాలోని ఏదో నగరం మీదుగా నేరుగా డల్లెస్, అంటే వర్జీనియా వైపున్న వాషింగ్టన్ విమానాశ్రయం. ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ డల్లెస్‌లోనే. సూట్‌కేసులు హైదరాబాదులో ఇస్తే మళ్ళీ డల్లెస్‌లోనే చేతికొస్తాయి. గేటు బయట పిల్లలు ఉంటారు. ఏదైనా ఆలస్యమైనా తప్పిపోవడానికి తర్వాతి విమానమంటూ లేదు.

రెండోది అబుదాబి మీదుగా. అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు 2014 నుంచి అక్కడే కూర్చుని తనిఖీ చేస్తున్నారు. అది ముగించుకుని విమానమెక్కితే డల్లెస్‌లో దేశీయ ప్రయాణికుల్లా దిగి, నేరుగా సామాను తీసుకుని బయటికి రావచ్చు. 14 గంటల ప్రయాణం తర్వాత వరసలో నిలబడే పని ఉండదు. చిక్కల్లా అబుదాబిలో మారే వ్యవధితోనే. రెండు గంటలే ఉండి మొదటి విమానం ఆలస్యమైతే ఆ తనిఖీ వరసలో ఉండగానే రెండోది వెళ్ళిపోగలదు. మూడు గంటలకు తక్కువ ఉన్న టికెట్టు కొనకండి.

మూడోది న్యూయార్క్, నెవార్క్, షికాగో లాంటి అమెరికా నగరంలో దిగి, ఇంకో విమానంలో వాషింగ్టన్ రావడం. ఇందులో ఇమిగ్రేషన్ మొదట దిగిన ఊళ్ళోనే అవుతుంది. సామాను అక్కడ చేత్తో తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పగించి, మళ్ళీ భద్రతా తనిఖీకి వెళ్ళాలి. ఒక్కోసారి టెర్మినల్ కూడా మారాలి. మొదటిసారి వస్తున్న పెద్దవాళ్ళని ఒంటరిగా ఈ దారిలో పంపకపోవడం మంచిది, టికెట్టు వంద డాలర్లు తక్కువైనా సరే. ఇదొక్కటే దొరికితే మధ్యలో కనీసం నాలుగు గంటలుండేలా చూసి, వీల్‌చైర్ అడగండి. నడవగలిగినవాళ్ళు కూడా అడగవచ్చు. తోసే మనిషి సామాను చోటుకీ తర్వాతి గేటుకీ తనే దారి తీస్తాడు. అది విమానం ఎక్కే రోజున కాకుండా టికెట్టు కొన్నప్పుడే నమోదు చేయించాలి.

ఈ మూడో దారిలో వచ్చేవాళ్ళకి రీగన్ నేషనల్ అనే మరో విమానాశ్రయం కూడా ఉంది. ఊరికి ఆనుకునే ఉంటుంది, మెట్రో బ్లూ, ఎల్లో లైన్లు అక్కడే ఆగుతాయి. పిల్లలు ఆర్లింగ్టన్, అలెగ్జాండ్రియా వైపు ఉంటే అది మేలు. ఆష్‌బర్న్ వైపు ఉంటే డల్లెసే దగ్గర. మూడో విమానాశ్రయం బాల్టిమోర్. అక్కణ్ణుంచి ఉచిత షటిల్ బస్సులో రైల్వే స్టేషనుకి వెళ్ళి, రైల్లో వాషింగ్టన్ యూనియన్ స్టేషన్ చేరవచ్చు. మేరీలాండ్‌లో ఉండేవాళ్ళకి తప్ప అది చుట్టుదారే.

ఇంకో మాట. డల్లెస్ వేరు, టెక్సస్‌లోని డాలస్ వేరు. ఫోనులో వింటే రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఏజెంటు చేత టికెట్టు తీయిస్తుంటే ఐఏడీ అన్న మూడక్షరాల కోడ్ ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి.

ఇమిగ్రేషన్ దగ్గర, కస్టమ్స్ దగ్గర

అధికారి అడిగేవి మూడు నాలుగే: ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు, ఎక్కడుంటారు, తిరుగు టికెట్టు ఉందా. పిల్లల చిరునామా, ఫోను నంబరు కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. ఫోను బ్యాటరీ అయిపోయే సమయం సరిగ్గా అదే. ఇంగ్లీషు రాకపోతే వచ్చీరాని మాటలతో తంటాలు పడకుండా తెలుగు మాత్రమే వచ్చని చెప్పండి, ఫోనులో దుబాసీని పిలిపించే ఏర్పాటు ఉంటుంది. మనవడినో మనవరాలినో చూసుకోవడానికి వచ్చామనే మాట జాగ్రత్త. పిల్లల్ని చూడ్డానికి రావడం వేరు, ఇంట్లో ఆయా పని చేయడానికి రావడం వేరు. రెండోదిలా వినిపిస్తే ప్రశ్నలు పెరుగుతాయి. కుటుంబాన్ని చూడ్డానికి వచ్చాం, ఊళ్ళు చూసి ఫలానా నెలలో వెళ్ళిపోతాం అన్నది నిజం, అదే చెప్పండి.

వీసా పదేళ్ళు ఉంది కాబట్టి ఎన్నాళ్ళైనా ఉండవచ్చనుకోవడం పెద్ద పొరపాటు. ఎన్నాళ్ళుండవచ్చో చెప్పేది ఐ-94 అనే నమోదు. సందర్శక వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. పాస్‌పోర్టులో ముద్ర వేయకపోవచ్చు కూడా. అందుకని ఇల్లు చేరిన వారంలోపు కస్టమ్స్ శాఖ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు నంబరుతో ఐ-94 తెరిచి తేదీ చూసి, ప్రింటు తీసి పెట్టుకోండి. తేదీ తప్పుగా పడితే వెంటనే విమానాశ్రయంలోని కార్యాలయానికి వెళ్ళి దిద్దించుకోవచ్చు. ఆఖరి వారంలో చూసుకుంటే అంత తేలిక కాదు.

తినేవాటి సంగతి. కరివేపాకు పచ్చిది పూర్తిగా నిషేధం. నిమ్మ, నారింజ తోటలకు తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది, అందుకే అంత పట్టుదల. మామిడి పళ్ళు, ఏ పచ్చి పళ్ళు, కూరగాయలైనా, మాంసం కలిసిన ఏ పచ్చడైనా పోతాయి. బియ్యం కూడా తేకూడదు: ఖాప్రా అనే ధాన్యపు పురుగు భయంతో 2011 నుంచి భారతదేశం బియ్యాన్ని ప్రయాణికుల సామానులో రానివ్వడం లేదు. ఆవకాయ, గోంగూర, పొడులు, అరిసెలు, జంతికలు మామూలుగా వదులుతారు. పచ్చడి మాత్రం చేతి సంచిలో కాకుండా పెద్ద పెట్టెలో ఉండాలి. భద్రతా తనిఖీలో అది ద్రవం లెక్కలోకి వస్తుంది, 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. తినేవి ఉన్నాయా అని అడిగితే ‘ఉన్నాయి’ అనే చెప్పండి. చెప్పి చూపిస్తే పోయేది ఆ వస్తువే. దాచి దొరికితే జరిమానా, అది వందల డాలర్లలో ఉంటుంది. ఇద్దరి దగ్గరా కలిపి నగదు 10,000 డాలర్లు దాటితే అదీ రాసివ్వాలి. తేవడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు.

డల్లెస్ నుంచి ఇంటికి, ఊళ్ళోకి

పిల్లలు కారుతో వస్తుంటే వాళ్ళని సెల్‌ఫోన్ లాట్ అనే ఉచిత స్థలంలో ఆగమని, సామాను చేతికొచ్చాక ఫోను చేయండి. తలుపు ముందు రోడ్డు మీద కారు ఆపి ఎదురుచూడనివ్వరు. అమ్మానాన్నలు మొదటిసారి వస్తుంటే మాత్రం కారు పార్కింగ్‌లో పెట్టి, లోపలికొచ్చి గేటు దగ్గరే నిలబడటం మేలు. ఇక్కడి ఫోను నంబరు అప్పటికి వాళ్ళకి పనిచేయకపోవచ్చు.

నేరుగా వాషింగ్టన్ హోటల్‌కి వెళ్ళేవాళ్ళకి రెండు దారులు. మెట్రో సిల్వర్ లైన్ 2022 నవంబరు 15న డల్లెస్ దాకా వచ్చింది. సామాను తీసుకునే అంతస్తు నుంచి కదిలే నడకదారులున్న సొరంగంలో అయిదు నిమిషాలు నడిస్తే స్టేషను. ఊరి మధ్యలోని మెట్రో సెంటర్‌కి 55 నిమిషాల లోపే. ట్యాక్సీ లేదా ఉబర్ రద్దీ లేకపోతే 40 నిమిషాలు, సాయంత్రం గంటన్నర. ఖర్చు టిప్పుతో కలిపి దాదాపు 60 నుంచి 90 డాలర్లు. ఒకరిద్దరై, పెట్టె తలా ఒకటే ఉంటే మెట్రో. నాలుగు పెద్ద పెట్టెలతో అలిసిపోయి దిగితే క్యాబు. రాత్రి పదకొండు దాటాక దిగితే రైలును నమ్ముకోకండి. పని దినాల్లో మెట్రో తెల్లవారి 5కి మొదలై అర్ధరాత్రికి ముగుస్తుంది (శుక్రవారం మాత్రం ఇంకా ఆలస్యంగా), వారాంతాల్లో 6కి మొదలవుతుంది.

మెట్రోనా, కారా: లెక్క

మెట్రో చార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది. 2024 వేసవి నుంచి ఉన్న లెక్క ప్రకారం పని దినాల్లో కనీసం 2.25, గరిష్ఠం 6.75 డాలర్లు. ఆష్‌బర్న్, డల్లెస్ నుంచి ఊళ్ళోకి ఆ గరిష్ఠమే పడుతుంది. శని, ఆదివారాల్లో, పని దినాల్లో రాత్రి తొమ్మిదిన్నర తర్వాత, ఎంత దూరమైనా 2.50 మించదు. ఎంపికంతా ఈ ఒక్క తేడా మీదే ఆధారపడుతుంది.

నలుగురు శనివారం ఆష్‌బర్న్ నుంచి వెళ్ళొస్తే 20 డాలర్లు. అదే నలుగురు మంగళవారం వెళ్ళొస్తే 54. మ్యూజియాల దగ్గర గ్యారేజీలో రోజంతా కారు పెట్టడానికి దాదాపు 20 నుంచి 40 డాలర్లవుతుంది. అంటే వారాంతంలో నలుగురికైనా మెట్రోయే చవక. పని దినాన ఇద్దరికి మెట్రో, నలుగురు అయిదుగురైతే కారు పోటీకి వస్తుంది. అయితే కారుకి ఒక షరతు: ఐ-66 రోడ్డు. బెల్ట్‌వే (ఊరి చుట్టూ తిరిగే రింగు రోడ్డు) లోపలి భాగంలో పని దినాల్లో పొద్దున 5:30 నుంచి 9:30 దాకా ఊళ్ళోకి వెళ్ళే వైపు, మధ్యాహ్నం 3 నుంచి 7 దాకా బయటికొచ్చే వైపు టోలు. ఆ టోలు రద్దీని బట్టి నిమిషాల్లో పెరుగుతుంది, బాగా రద్దీ ఉన్నప్పుడు 30 డాలర్లు కూడా దాటుతుంది. కార్లో ముగ్గురు లేక అంతకన్నా ఎక్కువమంది ఉండి, టోలు కట్టే ఈజీపాస్ ఫ్లెక్స్ పరికరం మీట హెచ్ఓవీ (ఎక్కువమంది ఉన్న కారు) మీద పెట్టి ఉంటే ఉచితం. మామూలు ఈజీపాస్ ఉంటే ముగ్గురున్నా డబ్బు తెగుతుంది. ఇంట్లో ఏ రకం ఉందో ముందురోజే చూసుకోండి.

డల్లెస్ యాక్సెస్ రోడ్డుకి టోలు లేదు కదా అని దాని మీద ఊళ్ళోకి వెళ్ళే ఆలోచన వద్దు. అది విమానాశ్రయానికి వచ్చిపోయేవాళ్ళకే. పక్కనే సాగే డల్లెస్ టోల్ రోడ్డే మిగిలిన అందరిదీ.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే ఈ డబ్బు లెక్క పక్కన పెట్టండి. మెట్రో స్టేషన్లన్నిటికీ లిఫ్టులున్నాయి కానీ, స్టేషన్ నుంచి మ్యూజియానికి, అక్కణ్ణుంచి ఇంకో మ్యూజియానికి నడక ఎక్కువ. కాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) నుంచి లింకన్ మెమోరియల్ దాకా రెండు మైళ్ళ పైమాటే. మంచి పద్ధతి: వెళ్ళడానికీ రావడానికీ మెట్రో, ఊళ్ళో మధ్య దూరాలకి క్యాబు. పాత గైడుల్లో ఒక డాలరు సర్క్యులేటర్ బస్సు గురించి ఉంటుంది. అది 2024 డిసెంబరు 31తో ఆగిపోయింది. 2025 జూన్ చివర్లో మెట్రో బస్సుల నంబర్లన్నీ కూడా మారాయి. ఎవరో మూడేళ్ళ కిందట రాసిచ్చిన బస్సు నంబరు ఇప్పుడు లేదు.

టికెట్టు ఏ రూపంలో

2025 మే నుంచి ట్యాప్ చేసే క్రెడిట్ కార్డుతోనే మెట్రో గేటు దాటవచ్చు. రెండు డాలర్ల స్మార్‌ట్రిప్ కార్డు మెషీన్‌లో కొనుక్కోవచ్చు, ఫోనులో కూడా పెట్టుకోవచ్చు. ఏది వాడినా మనిషికొక కార్డు. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్ళడం కుదరదు. ఎక్కేటప్పుడు దేనితో ట్యాప్ చేస్తే దిగేటప్పుడూ దానితోనే చేయాలి. లోపలికి ఫోనుతో, బయటికి అదే బ్యాంకు ప్లాస్టిక్ కార్డుతో ట్యాప్ చేస్తే గేటుకి అవి రెండూ వేర్వేరు కార్డులు, చార్జీ తప్పుగా పడుతుంది. అయిదేళ్ళలోపు పిల్లలకి టికెట్టు లేదు.

స్మార్‌ట్రిప్ తీసుకోవడానికి రెండు మంచి కారణాలున్నాయి. ఒకటి, ఒకరోజు పాసు 13.50 డాలర్లు. అంటే ఆష్‌బర్న్ నుంచి పని దినాన వెళ్ళిరావడానికయ్యే ఖర్చు సరిగ్గా అంతే. మధ్యలో ఒక్క స్టేషను దూరం తిరిగినా, ఒక్క బస్సెక్కినా పాసే లాభం. శని, ఆదివారాల్లో మాత్రం ఈ పాసు కొనడం డబ్బు దండగ. రెండు, 65 ఏళ్ళు నిండినవాళ్ళకి సీనియర్ కార్డు. పాస్‌పోర్టు చూపించి మెట్రో అమ్మకాల కార్యాలయంలో తీసుకుంటే పని దినాల చార్జీలో సగమే పడుతుంది. మెషీన్లలో దొరకదు. నెలల తరబడి ఉండే తల్లిదండ్రులకి ఒక్కసారి వెళ్ళి తెచ్చుకునే శ్రమ తగినదే.

తప్పు రైలు ఎక్కితే

ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు తప్పిపోయే అవకాశం తక్కువ. డల్లెస్‌లో ఆష్‌బర్న్ అని రాసి లేని రైలు ఎక్కితే చాలు. 2025 జూన్ నుంచి సిల్వర్ రైళ్ళు కొన్ని లార్గోకీ, కొన్ని న్యూ కారల్టన్‌కీ వెళ్తున్నాయి, మ్యూజియాల దాకా రెండూ ఒకటే దారి. తిరుగు ప్రయాణమే చిక్కు. స్మిత్‌సోనియన్ స్టేషన్లో ఒకే ప్లాట్‌ఫాం మీదికి సిల్వర్, ఆరెంజ్, బ్లూ మూడూ వస్తాయి. రంగు కాదు, చివరి స్టేషను పేరు చూడండి: ఆష్‌బర్న్ అయితేనే మనది. వియన్నా అని ఉన్న ఆరెంజ్ ఎక్కేస్తే కంగారు పడకుండా ఈస్ట్ ఫాల్స్ చర్చ్‌లో దిగి వెనక వచ్చే సిల్వర్ ఎక్కండి. ఫ్రాంకోనియా వైపు బ్లూ ఎక్కేస్తే రాస్లిన్‌లో దిగాలి. ఆ స్టేషన్లు దాటితే దారులు విడిపోతాయి, వెనక్కి రావాల్సిందే. బయటికి వెళ్ళకుండా లోపలే మారితే అదనపు చార్జీ లేదు.

రైల్లో తినడం, తాగడం నిషేధం. పులిహోర డబ్బా మాల్ (మ్యూజియాల మధ్యనున్న పొడవాటి మైదానం) పచ్చికలో కూర్చుని తెరవండి. వారాంతాల్లో పట్టాల పనులు పెట్టుకుంటారు కాబట్టి శుక్రవారం రాత్రి మెట్రో ప్రకటన ఒకసారి చూసుకోండి.

ఏది చూడ్డానికి ముందే పాసు కావాలి

స్మిత్‌సోనియన్ అనే సంస్థ ఈ ఊళ్ళో నడిపే మ్యూజియాలన్నీ ఉచితం, మామూలుగా పదింటి నుంచి అయిదున్నర దాకా, ఏడాదికి డిసెంబరు 25 ఒక్కరోజే సెలవు. బడ్జెట్ ఆమోదం పొందక ప్రభుత్వం స్తంభించినప్పుడు అవీ మూతపడతాయి. 2025 అక్టోబరులో అదే జరిగింది. ఉచితమైనా రెండింటికి ఫలానా సమయానికి లోపలికి రానిచ్చే పాసు ముందే తీసుకోవాలి: మాల్ మీదున్న ఎయిర్ అండ్ స్పేస్, ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం. పాసు లేకుండా తలుపు దాకా వెళ్ళి వెనుదిరిగే కుటుంబాలు మొదటిదాని దగ్గరే ఎక్కువ.

ఎయిర్ అండ్ స్పేస్ పాసు దొరకలేదా? అదే సంస్థకి చాంటిలీలో, డల్లెస్ పక్కనే, ఉద్వార్-హేజీ సెంటర్ ఉంది. పాసు అక్కర్లేదు. మాల్ మీదున్నదాంట్లో రైట్ సోదరుల విమానం, చంద్రుడి నుంచి తిరిగొచ్చిన అపోలో 11 క్యాబిన్ ఉన్నాయి. చాంటిలీలో డిస్కవరీ అంతరిక్ష నౌక, కాంకార్డ్, బ్లాక్‌బర్డ్ విమానాలు ఉన్నాయి. చిన్నపిల్లలకి, వీల్‌చైర్లో ఉన్నవాళ్ళకి చాంటిలీయే మేలు: విశాలం, రద్దీ తక్కువ, ఇంటికి దగ్గర. కారు పార్కింగ్ 15 డాలర్లు, సాయంత్రం నాలుగు తర్వాత ఉచితం. కారు లేకపోతే ఇన్నొవేషన్ సెంటర్ స్టేషన్ నుంచి ఫెయిర్‌ఫాక్స్ కనెక్టర్ 983 బస్సు.

వాషింగ్టన్ మాన్యుమెంట్ అనే ఎత్తయిన స్తంభం పైకెక్కడానికి రెండు పద్ధతులు. ఆ రోజు టికెట్లు 15వ వీధి వైపున్న చిన్న కార్యాలయంలో ఉదయం 8:45 నుంచి ఉచితంగా ఇస్తారు. ఆష్‌బర్న్ నుంచి ఆ సమయానికి వరసలో ఉండాలంటే ఏడింటికే రైలెక్కాలి, ఎక్కినా దొరుకుతాయన్న హామీ లేదు. ఒక డాలరు రుసుముతో 30 రోజుల ముందు ఆన్‌లైన్‌లో తీసుకోవడమే దూరం నుంచి వచ్చేవాళ్ళకి సరైన దారి.

కాపిటల్ లోపలికి ఉచిత పర్యటన సోమవారం నుంచి శనివారం దాకా ఉంటుంది, ముందే నమోదు చేసుకోండి. సంచిలో తినేది, తాగేది ఏదీ ఉండకూడదు, నీళ్ళ సీసా కూడా ఖాళీ చేయాలి. అక్కణ్ణుంచి సొరంగంలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి వెళ్ళవచ్చు, దానికి అలాంటి సమయం పాసే వేరేగా తీసుకోవాలి. ఆది, సోమవారాల్లో అది మూసే ఉంటుంది. అందుకే ఈ రెండూ ఒకేరోజు అనుకుంటే మంగళవారం నుంచి శనివారం లోపు పెట్టుకోవాలి, శనివారమైతే మెట్రో కూడా చవక. వైట్ హౌస్ లోపలికి వెళ్ళాలంటే భారతీయులు మన రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. దాని మీద ఆశ పెట్టుకుని ప్రయాణం తేదీలు నిర్ణయించుకోకండి. బయటి నుంచి చూసి, పక్కనే ఉన్న సందర్శకుల కేంద్రానికి వెళ్తే సరిపోతుంది, దానికి టికెట్టు లేదు.

లాన్‌హామ్‌లోని శివ విష్ణు ఆలయానికి వెళ్ళాలనుకుంటే దాన్ని మ్యూజియాలతో ఒకేరోజు కలపకండి. అది మేరీలాండ్‌లో, ఊరికి అవతలి వైపు. కారుంటే కారే. లేకపోతే న్యూ కారల్టన్ దాకా సిల్వర్ లైన్లో వెళ్ళి అక్కణ్ణుంచి క్యాబు.

ఏ పాసూ అక్కర్లేని నాచురల్ హిస్టరీ మ్యూజియాన్ని మాత్రం మనవాళ్ళు వదలకూడదు. అక్కడున్న 45.52 క్యారట్ల నీలి హోప్ వజ్రం కృష్ణా తీరాన, పల్నాడులోని కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. ఫెడరల్ ట్రయాంగిల్‌లోనో స్మిత్‌సోనియన్‌లోనో దిగి, పదింటికి తలుపులు తీయగానే ముందు రెండో అంతస్తుకి వెళ్ళండి. పదకొండుకల్లా గాజు పెట్టె చుట్టూ నాలుగు వరసల జనం ఉంటారు, పొట్టిగా ఉన్న అమ్మమ్మలకి ఏమీ కనిపించదు.